జూరకాన్ గిన్నె

మా తోక్మోక్ ఊళ్ళో బడిపిల్లలు వేసుకునే చొక్కాల్లో సగం జూరకాన్ చేతి కత్తిరింపే. కాలర్లు చూస్తేనే నాకు తెలిసిపోతుంది. మా గోడ అవతలి ఇల్లే ఆమెది. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఇద్దరు ఆడపిల్లలతో, మొగుడు చనిపోయిన ఏడాది కొండ మీద నుంచి దిగి వచ్చింది. కత్తిరింపు ఒక రష్యా ముసలమ్మ దగ్గర నేర్చుకుంది. ఇరవై రెండేళ్ళుగా కుట్టుఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. నలభై పొరల గుడ్డ పరిచి, కరెంటు కత్తి పట్టుకుని గీత వెంబడి పోతుంటే, మాట్లాడించడానికి నాకే భయం. నేనంటే ఎవరితోనైనా మాట్లాడేదాన్ని. మధ్యాహ్నం వేడి సమోసాలు అమ్మడానికి రోజూ ఆ ఫ్యాక్టరీకి వెళ్తాను కాబట్టి లోపలి సంగతులన్నీ నాకు తెలుసు. తెలియనివి అడిగి తెలుసుకుంటాను.

కిందటేడు నూర్దీన్ అని కొత్త మేనేజరు వచ్చాడు. ముప్పై రెండేళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, గొంతు పెంచడు. భోజనాల వేళ తనే టీ కెటిల్ పక్కన కూర్చుని అందరికీ పోసేవాడు. "మేనేజరై ఉండి ఎంత వినయం!" అని ఆడవాళ్ళంతా మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, రెండు రోజులు.

మూడో రోజు మేం టీ తాగే గిన్నెలు చూశాను. అందరి గిన్నెల్లో టీ సగానికి తక్కువే, మర్యాదగా. తాగగానే మళ్ళీ పోస్తాడు, మళ్ళీ అడుగుతాడు. జూరకాన్ గిన్నె ఒక్కటే అంచుదాకా. ఇంకాస్త ఒంపితే పొర్లిపోయేది. దాన్ని రెండు చేతులతో అందించి, "తీసుకోండి జూరకాన్ గారూ" అన్నాడు. గారు! తల్లి వయసు మనిషిని, మాలో అందరూ పిలిచినట్టు అక్కా అని పిలవకుండా, ఆఫీసు కాగితంలోలాగా.

నిండు గిన్నె అంటే ఏమిటో మాలో పాలు తాగే పిల్లకీ తెలుసు. తాగు, లే, బయటికి నడు. ఇష్టంలేని చుట్టాన్ని సాగనంపే పద్ధతి అది.

ఆ సాయంత్రం గోడ మీద నుంచే అడిగాను. "ఏమే, వాడికీ నీకూ ఏంటి?"

"వాళ్ళ అన్నభార్యకి నా కత్తిరింపు బల్ల, నా ఉద్యోగం కావాలట. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి ఏ తప్పూ దొరకలేదు. అందుకని నన్నే లేచిపొమ్మంటున్నాడు."

"మరి యజమానికి చెప్పవే!"

"ఏమని చెప్పనక్కా? నాకు టీ ఎక్కువ పోస్తున్నాడనా?"

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. వాడి నోట్లోంచి ఒక్క చెడ్డమాట రాకుండా, పదిమంది ముందు రోజూ అవమానం. ఆమె ఆ నిండు గిన్నె చుక్క మిగల్చకుండా తాగేది. తాగి, లేవకుండా కూర్చునేది. అందరూ లేచాకే లేచేది. అలా పదకొండు నెలలు.

ఈ ఏడు వసంతంలో చొక్కాలు కొనే నార్వే కంపెనీ నుంచి మారిట్ అనే ఆవిడ వచ్చింది. పనిచోట ఎవరినైనా వేధిస్తున్నారా అని చూడ్డం ఆవిడ పని. దుబాసిగా బిష్కెక్ పిల్లనొకదాన్ని వెంటబెట్టుకొచ్చింది. చేతిలో ప్రశ్నల కాగితం. ఎవరైనా మీమీద అరుస్తారా? అరుస్తారు, బురుల్చా అక్క. తిడుతుందా? తిడుతుంది. కుట్టుమిషన్ల మీద పెత్తనం బురుల్చాది, నోరు పెద్దది. "గుడ్డిదానా, ఆ కుట్టు చూడవే, మేక నడిచినట్టుంది!" అని ఆమె అరిస్తే వీధిలోకి వినిపిస్తుంది. మారిట్ ఆమె పేరు కింద ఎర్రగీత గీసింది. నూర్దీన్ పేరు దగ్గర మాత్రం, పనివాళ్ళకి తనే టీ పోస్తాడు, చాలా మంచిది అని రాసుకుంది.

మర్నాటి నుంచి బురుల్చా మారిపోయింది. ఎర్రగీత భయంతో, "మీరు దయచేసి ఈ కుట్టు మళ్ళీ వెయ్యగలరా?" అంది ఒక పిల్లతో. ఆ పిల్ల మిషన్ ఆపి భోరుమంది. "నేనేం తప్పు చేశానక్కా, నన్ను 'మీరు' అంటున్నావు? నన్ను తీసేస్తున్నారా?" అందరూ సూదులు వదిలేసి చుట్టూ చేరారు.

అదంతా కత్తి పక్కన పెట్టి జూరకాన్ చూసింది. చూసి, చాక్‌పీసు దుమ్ము దులుపుకుని, మారిట్ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, నువ్వు ఊరెళ్ళేలోపు మా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని ఒక్కసారి టీ తాగు."

దస్తర్‌ఖాన్ అనే ఆ భోజనాల గుడ్డ చుట్టూ అందరం కూర్చున్నాం. నేను సమోసాల గంప దించి, లేవకుండా అక్కడే ఉండిపోయాను. నూర్దీన్ కెటిల్ అందుకున్నాడు. మారిట్‌కి అరగిన్నె. జూరకాన్‌కి ఎప్పట్లాగే అంచుదాకా.

మారిట్ నవ్వి ఏదో అంది. దుబాసి పిల్ల చెప్పింది. "నాకంటే మీకే ఎక్కువ పోశాడు, మీరంటే ఎంత గౌరవమో, అంటున్నారు."

ముప్పైమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా తలలు దించుకున్నారు.

జూరకాన్ తన నిండు గిన్నె తీసి, చుక్క తొణకకుండా మారిట్ ముందు పెట్టింది. మారిట్ ముందున్న అరగిన్నెని తన ముందుకి జరుపుకుంది.

"ఉండు, కూర్చో, మాట్లాడు, చల్లారకుండా మళ్ళీ పోస్తాను అనేది ఈ అరగిన్నె. ఇక తాగి లేచిపో అనేది నీ ముందున్నది. పదకొండు నెలలుగా ఇతను నాతో రోజూ ఈ మాటే అంటున్నాడు, నోరు విప్పకుండా. మా బురుల్చా అరుస్తుందా, అరుస్తుంది. జ్వరమొస్తే మా ఇంటికొచ్చి చారు కాచేదీ అదే. అరిచేవాళ్ళు మమ్మల్ని తమ వాళ్ళనుకుంటారు. ఇది నీ కాగితంలో ఉందా?"

దుబాసి పిల్ల తడబడుతూ చెప్పింది. మారిట్ ఆ నిండు గిన్నెని చూసింది, తర్వాత నూర్దీన్‌ని చూసింది.

"అబ్బే... పొరపాటున పడి ఉంటుంది" అన్నాడు నూర్దీన్.

"పొరపాటు పదకొండు నెలలూ ఒక్క గిన్నెలోనే పడుతుందా నాయనా?" అంది జూరకాన్.

ఎవరో కిసుక్కుమన్నారు. నేనే అనుకుంటా.

జూరకాన్ అరగిన్నె తాగేసి అతని ముందుకి చాపింది. "టీ పొయ్యి."

అతను కెటిల్ ఎత్తాడు. నిండా పోస్తే మారిట్ చూస్తోంది. సగం పోస్తే ఓడిపోయినట్టు అందరికీ తెలుస్తుంది. సగమే పోశాడు. ఆమె తాగి మళ్ళీ చాపింది. మళ్ళీ సగం. ఏడుసార్లు పోయించింది. ఏడోసారి అతను గొంతు తగ్గించి, "తీసుకో అక్కా" అన్నాడు. అప్పుడు గిన్నె మీద అరచెయ్యి పెట్టింది, చాలన్నట్టు.

మారిట్ బురుల్చా పేరు కింది ఎర్రగీత కొట్టేసింది. "మీ సంగతి రాయమంటారా?" అని దుబాసి చేత అడిగించింది.

"రాయి" అంది జూరకాన్. "పేరు పెట్టి రాయి. పదకొండు నెలలు పోశాడని రాయి. నేను లేవలేదని కూడా రాయి."

ఆ మాటతో లేచి బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఎండాకాలం చొక్కాల గుడ్డ పరిచి ఉంది. కత్తి మోగింది. నూర్దీన్ అన్నభార్య ఆ గుమ్మం తొక్కనేలేదు. ఆ బల్ల ఈ రోజుకీ మా జూరకాన్‌దే.