రేకుల కింద కాపురం

మావారు విజయవాడ వన్ టౌన్‌లో ఒక గోడౌన్‌లో ఏళ్ల తరబడి ఆస్బెస్టాస్ రేకులు కోశారు. ఆ పొడి పీల్చడం వల్లే ఊపిరితిత్తుల పైపొరకు క్యాన్సర్ వచ్చిందన్నారు డాక్టర్లు. కీమో చేయించి ఎనిమిదేళ్లు దాటింది, ఆయన బతికే ఉన్నారు. అందుకని ఆ జబ్బు వచ్చినవాళ్లను, ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకోమని, గుణదలలోని మా ఇంటికి పంపిస్తుంటారు. వచ్చినవాళ్లకల్లా కాఫీలు కలపలేక, అదే కథ మళ్లీ చెప్పలేక నా ప్రాణం విసిగిపోయింది.

కిందటి వేసవిలో మైలవరం నుంచి ఒకతను భార్యతో వచ్చాడు. ఒకప్పుడు మావారితో అదే గోడౌన్‌లో పనిచేసినవాడు. వరండాలో కూర్చోబెట్టాం.

"అన్నయ్యగారూ, ఒక్కసారి నడిచి చూపించండి. ఈయనకి నమ్మకం కుదురుద్ది" అందావిడ.

మావారు గేటు దాకా నడిచి, ఆయాసం కనపడనీయకుండా నవ్వుతూ తిరిగొచ్చారు. అతను మాత్రం పైకప్పు వంకే చూస్తున్నాడు.

"అన్నా, ఇవి మన రేకులే కదా?"

"అవున్రా. నేనే కోసి బిగించా" అన్నారు మావారు.

ఆవిడ గబుక్కున ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మొగుణ్ణి లేపి ఎండలోకి తీసుకుపోయింది. కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రేకులు ఇప్పటికీ ఉన్నాయి. తీయబోతే పగిలి పొడి లేస్తుంది, కదపొద్దన్నారు. రంగు వేయించి ఊరుకున్నాం. మావారి జబ్బూ అంతే, పోలేదు, కదలకుండా పడి ఉంది.

ఇప్పుడు ఎవరైనా వస్తే కుర్చీలు ముందే వాకిట్లో వేస్తాను. వాళ్లు వెళ్లిపోయాక మేమిద్దరం మళ్లీ ఆ రేకుల కిందికే వచ్చి కూర్చుంటాం.