నాయన కప్పిన మట్టి

నంద్యాలలో ఆర్కిడ్లు పెంచడమంటే ఎండతో పంతం పట్టడమే. మిద్దె మీద ఇనుప పైపులు నిలబెట్టించి, పచ్చ వల కప్పించి, నాపరాళ్ల మీద ఇసుక పరిపించి, దాన్ని నేను గ్రీన్‌హౌస్ అనేదాన్ని. మా ఆయన పందిరి అనేవాడు. రోజూ ఇసుక తడపాలి, చుట్టూ కట్టిన గోనెపట్టలు తడపాలి. బోరు నీళ్లు ఆ చెట్లకు పడవు. వానాకాలంలో డ్రమ్ముల్లో పట్టుకున్న నీళ్లే చల్లాలి. "చెట్లకు గూడా మడి కడ్తాండావే" అని పక్కింటామె ఎగతాళి చేసేది. ఒక ఏడు ఒక ఆర్కిడ్ పూస్తే, "ఏందీ, మీ మిద్దె మీద ఎలక చచ్చినాదా?" అని అడిగింది. ఆ పువ్వు వాసనే అంత, ఈగలను రప్పించుకోవడానికే అలా కంపు కొడుతుంది. నాకు అలాంటివే ఇష్టం. అందరిళ్లలో ఉండేవాటి మీద మనసు పోదు.

అన్నిట్లోకీ నా ప్రాణం వాండా అనే ఒక ఆర్కిడ్. సిరా రంగు పువ్వు, రేకుల మీద వల అల్లినట్టు గీతలు. వేలెడు మొక్కగా తెప్పించుకున్నాను. దానికి మట్టి అక్కర్లేదు. అడుగు లేని చెక్క బుట్టలో వేలాడుతుంది, తెల్లటి వేర్లు మూరెడేసి గాలిలోకి దిగుతాయి. ఆ వేర్లకు గాలి తగలకపోతే చెట్టు చస్తుంది. నాలుగేళ్లు సాకాక, ఆ ఎండాకాలం మొదటిసారి పూలకాడ తొంగి చూసింది.

అదే ఏడు నాయన మా ఇంటికి వచ్చాడు. అమ్మ పోయాక ఒక్కడే వండుకు తింటున్నాడని, రుద్రవరం దగ్గరి చేను కౌలుకు ఇప్పించి నేనే తీసుకొచ్చాను. మా ఇంట్లో ఆయనకు చేయడానికి పనే లేదు. పొద్దున లేచి వీధిలో వాళ్ల ప్రహరీల పక్కనున్న గడ్డి కూడా పీకి వచ్చేవాడు. నేను సిగ్గుపడేదాన్ని.

ఆళ్లగడ్డలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లికి మేమిద్దరం మూడు రోజులు పోవాల్సి వచ్చింది. నాయన రానన్నాడు. రెండు పూటలా నీళ్లు చల్లమని చెప్పి పోయాను. చల్లాడు. చల్లుతూ వేలాడే ఆ వేర్లను చూశాడు. జన్మంతా సేద్యం చేసిన మనిషి, వేరు బయటపడితే మట్టి ఎగదోయకుండా ఉండలేడు. బస్సెక్కి మా చేనికి పోయి, యూరియా సంచినిండా రేగడి మట్టి నింపుకొని, ఆ వయసులో భుజాన మోసుకొని మిద్దె ఎక్కించాడు. అంత పెరిగిన చెట్టును పాత బకెట్లో నిలబెట్టి, మట్టి కప్పి, కాలితో తొక్కి గట్టిపరిచి నీళ్లు పోశాడు.

నేను వచ్చి చూసేసరికి పూలకాడ పసుపుపచ్చగా మారి వాలిపోయింది. నాయన నా వెనకే నిలబడి ఉన్నాడు.

"వేర్లన్నీ బయట పడినాయి మ్మే. కప్పినా. మన చేని మట్టే" అన్నాడు సంబరంగా.

నా నోరు మంచిది కాదు. ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

"నీకు మట్టి తప్ప ఇంగేం తెల్సు నాయనా? నాలుగేండ్లు సాకినా దీన్ని. ఇంగ నా చెట్ల మీద చెయ్యి పెట్టొద్దు నువ్వు!"

ఆయన చేతులకు అంటిన మట్టి పంచెకు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

కుళ్లిన వేర్లన్నీ కోసి, మిగిలిన మొదలును మళ్లీ బుట్టలో వేలాడదీశాను. ఆ తర్వాత నాయన ఒక్కసారి కూడా మిద్దె ఎక్కలేదు. అదొక్కటే అయితే సరిపెట్టుకునేదాన్ని. గేటు పక్కనున్న కరివేపాకు రెండు రెబ్బలు తుంచమంటే, "నువ్వే తుంచుకో మ్మే" అనేవాడు. వీధిలో గడ్డి పీకడం కూడా మానేశాడు. కుర్చీలో కూర్చొని చేతులు ఒళ్లో పెట్టుకునేవాడు. తప్పయింది నాయనా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. చెట్టు బతికి పూస్తే ఆ పువ్వే అన్నీ సర్దుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది ఒట్టి పిరికితనం.

మూడో ఏడు పూసింది. అప్పటికి నాయన మోకాళ్లు పోయాయి. నేనే బుట్ట కిందికి తెచ్చి, ఆయన కుర్చీ ఎదురుగా కిటికీ ఊచకు కొక్కెంతో తగిలించాను.

"చూడు నాయనా, బతికింది. పట్టుకొని చూడు" అన్నాను.

మెల్లగా లేచాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, వంగి చూశాడు.

"బాగుండాది" అన్నాడు.

ఆరోజు కూడా తప్పయిందని అనకుండానే వంటింట్లోకి పోయాను. కాసేపటికి ఆయన కేక వినబడింది.

"మ్మే, బేగా రా! కొక్కెం జారతాంది, బుట్ట పడతాది!"

పరుగెత్తుకొని వచ్చాను. బుట్ట ఒక పక్కకు ఒరిగి ఉంది. నాయన దానికి జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.