అరిటాకు మీద హాంబర్గర్

ఆ రోజుల్లో మా కోయంబత్తూరు మిల్లుల్లో 'తెలియదు' అన్నవాడు బాగుపడిన దాఖలా లేదు. మేస్త్రి అడిగితే 'తెలుసు' అనాలి, సూపర్‌వైజరు అడిగితే 'బాగా తెలుసు' అనాలి, మేనేజరు అడిగితే 'మా ఇంట్లో రోజూ అదే' అనాలి. ఇరవై ఏళ్ల వయసులో, గంభీరమైన మీసంతో (మీసం కాదు, మీసం రాబోతోందన్న ప్రకటన), నేను స్పిన్నింగులో అప్రెంటిస్‌గా చేరి ఈ మూడు జవాబులూ మూడు రోజుల్లో నేర్చుకున్నాను. నూలు తెగితే అతుకు వేయడం నేర్చుకోవడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. మా మిల్లు సైరన్ మోగితే పాతిక మైళ్ల అవతల అవినాశిలో కోళ్లు ఉలిక్కిపడి గుడ్లు పెట్టేవని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది నేనే అయినా, పదిమంది నోట విన్నాక నేనూ నమ్మాను.

ఆ ఏడు మా మిల్లుకు ఓడ మీద కొత్త మిషన్లు దిగాయి. వాటిని బిగించడానికి జర్మనీ నుంచి ఒక దొర దిగాడు. మనిషి ఎంత పొడవంటే, గెస్ట్‌హౌసు మంచం మీద పడుకుంటే మోకాళ్ల వరకే గదిలో ఉండేవాడు, తక్కినదంతా వరండాలో. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్పానర్ ఉండేది కాబట్టి మేమందరం ఆయన్ని స్పానర్ దొర అనేవాళ్లం. చిక్కల్లా తిండి దగ్గర వచ్చింది. గెస్ట్‌హౌసు వంటాయన సాంబారుకు దొర ముఖం కందిపోయింది, రసానికి కళ్ల వెంట నీళ్లు కారాయి, మిరియాల కోడికి మనిషే కాసేపు కనబడలేదు. ఆ తర్వాత అరటిపండ్లూ బిస్కెట్లే. రోజుకొకసారి బెల్టుకు కొత్త బెజ్జం పొడుచుకునేవాడు (తన పనిముట్లతోనే, చాలా నీటుగా). చివరికి ఒక శుక్రవారం, సోమవారం రైలుకు మద్రాసు వెళ్లిపోతానన్నాడు. ఇక్కడ చూస్తే మిషన్లు సగం బిగించి ఉన్నాయి. ఆయుధ పూజకు పది రోజులు కూడా లేవు. ఆ రోజు ముదలాళి (మా మిల్లు యజమాని) వచ్చి కర్పూరం వెలిగించగానే కొత్త మిషన్ తిరగాలి. తిరగకపోతే ఎవరెవరి తలలు తిరుగుతాయో మేనేజరుకు బాగా తెలుసు.

ఆయన నన్ను గదిలోకి పిలిచాడు.

"డేయ్ తంబి, ఏం తింటావయ్యా అని దొరను అడిగితే హాంబర్గర్ అంటాడు. అది ఏందో నీకు తెలుసునా?"

"బాగా తెలుసుంగ సార్. మద్రాసులో తినుండాను."

మద్రాసుకు నేను వెళ్లింది ఒకే ఒకసారి, ఒక పెళ్లికి. తిన్నది పెళ్లి భోజనం.

"అట్లైతే ఆదివారం దొరకు మీ ఇంట్లోనే సాపాటు. ఆయన తినినాడా, నీ పేరు పర్మనెంట్ లిస్టులో ఎక్కుతాది. తినకుండా సోమవారం రైలెక్కినాడా, నువ్వూ అదే రైలెక్కు."

హాంబర్గర్ గురించి నాకున్న జ్ఞానమంతా మా వీధి సెలూనులో ఉన్న ఒక ఇంగ్లీషు పత్రికలోది. అందులో రంగుల బొమ్మ ఉండేది. దాంట్లోనూ కుడి సగాన్ని ఎవరో గడ్డం కత్తి తుడవడానికి చింపేశారు. మిగిలిన ఎడమ సగంలో పైన బన్ను, కింద బన్ను, మధ్యలో నల్లగా ఒకటి, ఎర్రగా ఒకటి, ఆకుపచ్చగా ఒకటి. అదే నా వేదం. ఇంటికి పరుగెత్తి వంటింట్లో చెప్పాను, దేంట్లోనూ కారం వేయవద్దని కూడా. తిరుమంగళం నుంచి మా ఇంటికి కోడలై వచ్చిన మా అత్త చెయ్యి కూడా తుడుచుకోకుండా విని, పెదవి విరిచింది.

"ఖైమాను రుబ్బి ఉండ చేసేదే కదరా? మా తిరుమంగళంలో నాలుగు తరాలుగా చేస్తా ఉండారు. ఉండను అరిచేత్తో నొక్కితే నీ దొర తిండి. ఇంతదానికి ఓడెక్కి రావల్నా ఆయన?"

మాంసం సంగతి తేలిపోయింది. (వాళ్ల దేశంలో అది ఏ మాంసమో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు, మేకను ఎవరూ సంప్రదించలేదు.) గొడవంతా మా అవ్వ దగ్గర వచ్చింది. అవ్వకు ఎనభై దాటినా విందు పెత్తనం ఎవరికీ ఇచ్చేది కాదు.

"రొట్టె నడుమ మాంసం పెట్టి మూసేది అవ్వా, అంతే," అన్నాను.

"మూసేదా? ఏమిటికిరా మూసేది? లోపల ఏముండాదో కంటికి కనపడకుండా విందుకొచ్చినోడికి పెడతారా? ఆకు ఏసినాక అన్నీ తెరిచి ఉండాల. ఉప్పు ఉప్పు చోట, ఊరగాయ ఊరగాయ చోట. దాచిపెట్టేది దొంగ సొత్తు, కూడు కాదు."

"అవ్వా, వాళ్ల ఊళ్లో అట్లే తింటారు!"

"వాళ్ల ఊళ్లో తిననీ. ఇది మన ఇల్లు."

శనివారమంతా నేను బన్నుల కోసం ఊరు గాలించాను. ఏ బేకరీలో అడిగినా ఎర్ర చెర్రీ ముక్కలు గుచ్చిన తీపి బన్నులే. రెండు డజన్లు కొనుక్కొచ్చి, వరండాలో కూర్చుని, ఒక్కొక్క ముక్కనూ ఏరాను. దారం తెగిన చోట అతుకు వేయలేని నా వేళ్లకు ఆ రోజు ఎక్కడలేని పనితనం వచ్చింది. ఆ చెర్రీలన్నీ తినేసి మా చెల్లెలు రెండు రోజులు ఎర్ర నాలుకతో తిరిగింది.

ఆదివారం మధ్యాహ్నం దొర వచ్చాడు. తలుపు దగ్గర వంగాడు, నడవలో వంగాడు, దూలం దగ్గర మాత్రం మరచిపోయాడు. ఆ చప్పుడుకు పక్కింటివాళ్లు కూడా వచ్చి కిటికీలో నిలబడ్డారు. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఆయన మోకాళ్లు రెండూ చెవుల దాకా లేచాయి. నేను అప్పటికే ఎవరికీ తెలియకుండా రెండు హాంబర్గర్లు అచ్చం బొమ్మలో మాదిరి పేర్చి, వంటింట్లో కంచం కింద దాచాను. వాటిని తేవడానికి వెళ్లేసరికి కంచం వెల్లకిలా పడి ఉంది, దాని కిందివీ లేవు, అవ్వా లేదు. తిరిగి వచ్చి చూద్దును కదా, నా హాంబర్గర్లు ఆకు మీద విడివిడిగా పరిచి ఉన్నాయి. అన్నం ఉండాల్సిన చోట నాలుగు సగం బన్నులు. కూర చోట మాంసం బిళ్లలు. ఎడమ పక్క ఉప్పు, మామిడికాయ ఊరగాయ, ఉల్లి చక్రాలు, టమాటా, క్యాబేజీ ఆకు, ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేపుడు. అవ్వ ఆయన ఎదుట నిలబడి, "నల్లా సాప్పిడుంగ," అంది, బాగా తినమని. మా అవ్వకు ఇంట్లోవాళ్లతో తెలుగు, బయటివాళ్లతో అరవం. జర్మనీ కూడా బయటే కాబట్టి దొరకు అరవమే దక్కింది.

నా కళ్ల ముందు మద్రాసు రైలు కూత వేసింది.

దొర ఆకు వంక చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి స్పానర్ తీసి చాప మీద పెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు. ఓడలో వచ్చిన పెట్టె తెరిచి సామాన్లు సరిచూసుకునేటప్పుడు ఎట్లా చూస్తాడో, అట్లా ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి లెక్క చూసుకున్నాడు. కింది బన్ను పెట్టాడు. దానిపైన క్యాబేజీ, ఆ పైన బిళ్ల, ఉల్లి, టమాటా, కొంచెం ఆలోచించి ఉర్లగడ్డ, ఇంకా ఆలోచించి గోరంత ఊరగాయ. పై బన్ను మూసి, అరచేత్తో నొక్కి, అటూ ఇటూ కదిపి చూశాడు, ఎక్కడైనా వదులుందేమోనని. కిటికీలో పక్కింటివాళ్లు ఊపిరి బిగబట్టారు. కొరికాడు. నమిలాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత అత్త బన్నులూ బిళ్లలూ వడ్డిస్తూనే ఉంది, ఆయన తలెత్తింది నాలుగోది అయిపోయాకే.

"అయ్యో పాపం, పిల్లోడికి ఎంత ఆకలి!" అంది అత్త. పిల్లోడికి యాభై దాటి ఉంటాయి.

అయిదోది పేరుస్తుండగా అవ్వ అడగకుండానే దాని మీద గరిటెడు మాంసం పులుసు పోసేసింది. నేను కళ్లు మూసుకున్నాను. దొర మాత్రం "ఇస్తాంబుల్!" అని కేక పెట్టాడు. అక్కడి మిల్లు పక్కన బన్నునంతా టమాటా రసంలో తడిపి ఇస్తారట. జపానులో మిషన్ బిగించినప్పుడు అసలు బన్నే లేదట, బిళ్ల మీద పులుసు పోసి పక్కన అన్నం పెట్టారట. బ్రెజిల్లో పైన వేయించిన గుడ్డు పెట్టారట. మిల్లు ఉన్న ప్రతి ఊళ్లోనూ తిన్నాడు, ఏ రెండూ ఒకటి కావట. నేను అదంతా అవ్వకు తెలుగులో చెప్పాను.

"జపానోళ్లు బుద్ధిమంతులు, అన్నం తింటారు," అంది అవ్వ. "గుడ్డు సంగతి ముందే చెప్పి ఉంటే వేయించి పెడుదునే! అన్నీ తెలుసంటివి కదరా నువ్వు?"

అంతా అయ్యాక దొర తృప్తిగా తేన్చి, ఆకును అవతలివైపుకు మడిచాడు. అందరం కొయ్యబారిపోయాం. మాలో చావింటి భోజనంలో మాత్రమే ఆకును అట్లా అవతలికి మడుస్తారు, ఈ ఇంటికి ఇలాంటి పనికి మళ్లీ రాకూడదని. అవ్వ నెమ్మదిగా వంగి, ఎంగిలి అని కూడా చూడకుండా ఆ ఆకు విప్పి, ఆయన వైపుకు మడిచి, వీపు మీద తట్టింది.

"ఇప్పుడు సరి. మళ్లీ రా నాయనా," అంది.

ఈసారి తెలుగులో.

ఆయుధ పూజ నాడు మిషన్ తిరిగింది, నా పేరు లిస్టులో ఎక్కింది. దొర ఊరు విడిచే రోజు స్టేషనుకు పెట్టె మోసింది నేనే. రైలు కదలబోతుండగా ఆయన కిటికీలోంచి వంగి, "అంతకు ముందు నువ్వు హాంబర్గర్ ఎప్పుడూ చూడలేదు కదూ?" అన్నాడు. నేను నేల చూశాను. "సిగ్గెందుకు? ప్రతి ఊళ్లోనూ నీలాంటి కుర్రవాడు ఒకడు ఉంటాడు, తెలుసంటాడు. నన్ను ఇంతకాలం బతికించింది వాళ్లే," అన్నాడు. జేబులోంచి స్పానర్ తీసి నా చేతిలో పెట్టాడు. రైలు వెళ్లిపోయింది.

ఇప్పుడు మా మిల్లు లేదు. నూలు వడికే రింగ్ ఫ్రేములు తిరిగిన చోట అద్దాల గోడల షాపింగ్ మాల్ లేచింది, దాంట్లో హాంబర్గర్ దుకాణమూ ఉంది. మొన్న ఒక్కణ్ణే వెళ్లి కొనుక్కున్నాను. అలవాటు కొద్దీ పై బన్ను ఎత్తి లోపల ఏముందో చూశాను. కౌంటరు దగ్గరి అమ్మాయి కంగారుగా వచ్చి, "ఏదైనా తక్కువగా ఉందా సార్?" అంది. "లేదమ్మా, అన్నీ ఉన్నాయి," అన్నాను. నిజానికి ఊరగాయ లేదు. ఎలా తింటారో మీకు తెలుసా అన్నట్టు ఆ పిల్ల ఇంకా చూస్తూనే ఉంది. మీసమంతా నెరిసినా పాత జవాబే నోటికి వచ్చింది: "బాగా తెలుసమ్మా." తిన్నాక కాగితాన్ని జాగ్రత్తగా నా వైపుకు మడిచి లేచాను.