విమానాల షెడ్డుకు టార్పాలిన్

నాదర్‌గుల్ అవతల యుద్ధకాలపు విమానాల షెడ్డు ఒకటి ఉండేది. పాత రూపం చెడకుండా దాన్ని బాగుచేసే పని నాకు అప్పగించారు. కప్పును మోసే చెక్క దూలాలంటే నాకు ప్రాణం. యజమానులకేమో అవి కంటగింపు. ఒక్కసారి తడిసి ఉబ్బాయంటే పీకేసి ఇనుప గడ్డర్లు వేస్తామని ముందే చెప్పేశారు.

ఒక వైపు రేకులు విప్పామో లేదో, మర్నాడే తెలంగాణ బంద్. పైన కప్పాల్సిన టార్పాలిన్ రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా డాబా ఎక్కి చూస్తే మబ్బు కమ్ముకొస్తోంది. మేస్త్రీ ఫోన్ ఎత్తడు. "ఆ కోస్తా యాసతో ఇవాళ బయటికెళ్తావా?" అని అమ్మ గొణుగుతున్నా వినకుండా స్కూటీ తీశాను.

ఎల్బీనగర్ చౌరస్తాలో దారి మూసేసి వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు, పెద్ద టార్పాలిన్ కింద భోజనాల బంతి. గరిటెతో పప్పు కలుపుతున్నది ఎవరో కాదు, మా నల్లగొండ మేస్త్రీ! నాకు ఒళ్లు మండిపోయింది.

"మీరిక్కడున్నారా? అక్కడ మీ షెడ్డు తడిసిపోతుందండీ!"

"మీ షెడ్డు ఏంది మేడం, మనదనుర్రి. ముందు కూసోండ్రి. వంటావార్పు కాడికొచ్చి తినకుంట పోతరా?"

తినక తప్పలేదు. పప్పు మాత్రం అద్భుతంగా ఉంది, ఆ కోపంలోనూ రెండోసారి వేయించుకున్నాను. వడ్డిస్తున్న పెద్దాయనకు దూలాల సంగతి చెప్పాను. ఆయన మబ్బు వైపు చూశాడు, నెత్తి మీది టార్పాలిన్ వైపు చూశాడు.

"తాళ్లు ఇప్పుర్రి," అన్నాడు.

రెండో బంతి ఇంకా కూర్చోనేలేదు. అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు. టార్పాలిన్‌ను ట్రాలీ ఆటోలో వేసి, మేస్త్రీని, నలుగురు మనుషులను ఎక్కించి దారి ఇచ్చారు. షెడ్డు మీద చివరి ముడి పడేసరికి వాన దంచి కొట్టింది. లోపల నిచ్చెన ఎక్కి దూలాలను చేత్తో తడిమి చూశాను. పొడిగా ఉన్నాయి. ఉద్యోగంలో నేను అంత సంతోషపడ్డ రోజు మరొకటి లేదు.

సాయంత్రం తిరిగొస్తుంటే చౌరస్తాలో పెద్దాయన కండువా పిండుకుంటూ కనిపించాడు. రెండో బంతి వానలోనే తిన్నారట. నాకు సిగ్గేసింది, క్షమించమన్నాను.

"జర తడిస్తే ఏమైతది బిడ్డా, మేం ఆరిపోతం," అన్నాడు. "గా కట్టెలు తడిస్తే మల్ల రావంటివి గద."