శవాన్ని కూడా అనుమానించిన పెద్దాయన

"శవాన్ని అనుమానిస్తానంటే ఎలా గురువుగారూ? వాడు చచ్చిపోయాడు!"

"చచ్చినట్టు నటిస్తున్నాడేమోనని నా అనుమానం."

"నటించడానికే కదండీ వాణ్ణి పిలిపించింది!"

"చూశావా, నువ్వే ఒప్పుకున్నావ్."

ప్లైవుడ్ గోడ అవతల డైరెక్టరు తల బాదుకున్నాడు. గోడ మొత్తం ఊగింది. దానికి వేలాడుతున్న ముత్తాతగారి పటం పక్కకి ఒరిగింది. తరతరాలుగా బంగళాలో ఉన్నట్టు కనిపించాల్సిన ఆ ముత్తాతకి పొద్దునే రంగులేశారు, మీసం ఇంకా ఆరలేదు. ఇవతల డైలాగు కాగితాలు పట్టుకుని నిలబడ్డ అసిస్టెంటు పటం సరిచేసి, చేతికంటిన మీసాన్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

పెద్దాయనకున్న జబ్బు ఒక్కటే. కంటపడ్డ ప్రతి మనిషినీ అనుమానిస్తాడు. మనిషి దొరక్కపోతే కుర్చీని అనుమానిస్తాడు. ఆయనకి డిటెక్టివ్ వేషం ఇవ్వడమంటే కోతికి కొబ్బరికాయ ఇచ్చి, పగలగొట్టకుండా ఊరికే పట్టుకోమనడమే.

అలాగని ఆయన నటుడు కాదు, పేరుమోసిన నవలా రచయిత. రాసినవన్నీ కుటుంబ కథలు. వాటిల్లో పోయినవాళ్ళందరూ నిండు నూరేళ్ళూ బతికి, ఆస్తి పంపకాలు చేసి, అందరికీ బుద్ధులు చెప్పి మరీ పోయారు. హత్య అన్న మాటే లేదు. అయినా పోస్టరు మీద ఆ గుండ్రటి కళ్ళజోడు కనిపిస్తే టిక్కెట్లు తెగుతాయని నిర్మాత ఆశ. అందుకని ఓ పాడుబడ్డ బంగళా, గబ్బిలాలు, డ్రమ్ముల కొద్దీ పొగమంచు పెట్టి, ఓ హత్య చేయించి, అది తేల్చే డిటెక్టివ్ వేషం ఆయన చేత వేయించారు.

అసిస్టెంటు పని ఆయన పక్కనుండి డైలాగులు అందించడం. కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చాడని తెలిసిన రోజే డైరెక్టరు ఇతనికి 'సగండిగ్రీ' అని పేరు పెట్టేశాడు. సగండిగ్రీకి కోపం రాలేదు. ఇంట్లో బావయితే ఆ సగం కూడా ఒప్పుకోడు. "కాలేజీ వదిలావ్, మందుల షాపు వదిలావ్, ప్రెస్సు వదిలావ్. సినిమావాళ్ళు జాగ్రత్తగా ఉండాలి" అంటాడు కంచం ముందు కూర్చుని. అక్క ఇంట్లో తిండి కాబట్టి సగండిగ్రీ నోరు మూసుకుంటాడు. ఈ ఒక్క పనైనా చివరిదాకా ఉండి చూపించాలని అతని పట్టుదల.

పెద్దాయన వచ్చిన రోజునే అందర్నీ ప్రశ్నలతో కాల్చుకు తిన్నాడు. పొగ దేంతో చేస్తారు? గబ్బిలాలు ఎవరివి? గడియారం ఎందుకు తిరగదు? టీ ఇచ్చినవాణ్ణి "చక్కెర తగ్గించావ్, ఎవరు చెప్పారు?" అని నిలదీశాడు. సగండిగ్రీని పట్టుకుని, "ప్రతి సినిమా టైటిల్సులోనూ చివర 'తదితరులు' అని పడుతుంది. ఎవరయ్యా ఆయన? చాలా పాత నటుడల్లే ఉన్నాడే" అన్నాడు.

సగండిగ్రీకి మాట నాన్చడం రాదు. పొగలో దగ్గుతూ నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టుల్ని చూపించాడు. "వాళ్ళే సార్. ఈ కంపెనీ పద్ధతంతే. తెరమీద నోరు విప్పి ఒక్క మాటన్నా పేరు పడుద్ది. లేదంటే తదితరులు."

"ఊఁ" అని, పెద్దాయన కుర్చీకి నాలుగో కాలు ఎందుకు కురచగా ఉందో ఆరా తీయడంలో పడిపోయాడు.

షూటింగు మొదలైంది. సీను చాలా సులువు. నౌకరు కొవ్వొత్తి పట్టుకుని మౌనంగా ముందు నడుస్తాడు, డిటెక్టివ్ వెనకాల నడుస్తాడు. సగం దూరంలో డిటెక్టివ్ ఆగిపోయాడు.

"ఆగవయ్యా. కొవ్వొత్తి కుడిచేత్తోనే ఎందుకు పట్టుకున్నావ్?"

కొవ్వొత్తాయన బిత్తరపోయి నిజం చెప్పేశాడు. "ఎడమచేత్తో గోక్కోవాలండీ. ఈ కోటు ఒకటే దురద."

"కట్! కట్!" డైరెక్టరు గావుకేక పెట్టాడు. "గురువుగారూ, కాగితంలో దురద లేదండీ!"

"కాగితంలో లేదు, కోటులో ఉంది. నేనేం చెయ్యను?"

మళ్ళీ తీస్తే మళ్ళీ అడిగాడు. ఈసారి, ఆ చెప్పులు ఎవరివని. కొవ్వొత్తి అరిగిపోయింది, డైరెక్టరు కూడా అరిగిపోయి "ఉంచెయ్యండి" అన్నాడు. ఇక పెద్దాయనకి పట్టపగ్గాల్లేవు. బండివాణ్ణి అనుమానించాడు. వంటమనిషిని అనుమానించాడు. శవపేటిక మోసేవాళ్ళని మధ్యలో ఆపి, "బరువుగా ఉందా?" అని అడిగాడు. "ఖాళీదేనండీ" అన్నారు వాళ్ళు. హత్య కేసు మొత్తం గల్లంతయిపోయి, రచయితలు రాత్రికి రాత్రి కథ తిరగరాసుకున్నారు.

తర్వాత శవం వంతు. ప్లైవుడ్ గోడ దగ్గర పోట్లాటలో పెద్దాయనే గెలిచాడు. కెమెరా తిరుగుతుండగా వంగి, "ఏమయ్యా, నిన్ను చంపిందెవరు?" అన్నాడు.

శవం మర్యాదస్తుడు. అంత పెద్దమనిషి అడిగితే పలక్కపోతే బాగుండదనుకుని, కళ్ళు తెరవకుండానే, "వెనకనుంచి పొడిచారండీ, చూళ్ళేదు" అన్నాడు.

అది డిటెక్టివ్‌కి వచ్చిన కల అని సర్దాల్సొచ్చింది.

ఆ సాయంత్రం డైరెక్టరు సగండిగ్రీని పక్కకి లాగాడు. "రేపు క్లైమాక్సు. పెద్దాయన కాగితంలో లేని ప్రశ్న ఒక్కటి అడిగాడంటే, ఎల్లుండి నుంచి నువ్వు రానక్కర్లేదు. ఆయన్ని తీసెయ్యలేను. నిన్ను తీసెయ్యగలను."

ఇంటికెళ్ళేసరికి బావ అతని మొహం చూసి, "ఇది కూడానా?" అన్నాడు. సగండిగ్రీ ఇంకా నోరు విప్పనే లేదు.

మర్నాడు అతను సెట్లోకి వచ్చేటప్పటికి బంగళా పెద్దతలుపు దగ్గర తలుపావిడ మెట్టు మీద కూర్చుని ఉంది. ఎన్నో ఏళ్ళుగా సినిమాల్లో తలుపులు తీయడమే ఆవిడ పని. ఈ సినిమాలోనూ పెద్దాయన వచ్చీపోయేటప్పుడల్లా ఆగి ఏదో ఒకటి అడిగేవాడు. ఆవిడేమో కెమెరా కన్ను చూడగానే నోరు పెగలక తలుపు చాటుకి పోయేది.

"ఇవాళైనా పలుకు పిన్నీ" అన్నాడు సగండిగ్రీ, ఏదో ఒకటి అనాలని.

"ఎక్కడ నాయనా, గుండె దడ. మా మనవడైతే నేను సినిమాల్లో ఉన్నానంటే నమ్మడు. తెరమీద చూపించా. 'అందరి నానమ్మలూ తలుపులు తీస్తారులే' అంటాడు వెధవ."

సగండిగ్రీ నవ్వి, పక్కనే కుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్న పెద్దాయన దగ్గరికెళ్ళాడు. "సార్, ఉన్నమాట చెప్తా. ఇవాళ మీరు ఎవర్నైనా ఏమైనా అడిగితే నా ఉద్యోగం పోద్ది. కాలేజీతో కలిపి ఇది నాలుగోది. ఇంక ఇంట్లో మొహం చూపించలేను."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మొహం చిన్నబోయింది. కాసేపు పెద్దతలుపు వైపు చూశాడు. "సరే. మాటిస్తున్నా. ఒక్క ప్రశ్న కూడా అడగను."

అడగలేదు కూడా. హాలు నిండా పొగ, కిటికీల్లో ఉత్తుత్తి మెరుపులు. అందరూ బొమ్మల్లా నిలబడితే పెద్దాయన పొల్లుపోకుండా డైలాగు చెప్పాడు. హంతకుడు పియానో మాస్టారని తేల్చాడు. పియానో మాస్టారు కుప్పకూలాడు. డైరెక్టరు కళ్ళల్లో ఆనందబాష్పాలు. ఇక డిటెక్టివ్ గొడుగు తీసుకుని బయటికి నడిస్తే సినిమా అయిపోయినట్టే.

తలుపావిడ తలుపు తీసింది.

డిటెక్టివ్ వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి ఆవిడ వంక చూశాడు. మాట లేదు, పలుకు లేదు. ఆవిడ తల వంచుకుంది. ఆయన చూస్తూనే ఉన్నాడు. తుఫాను కోసం పెట్టిన ఫ్యాను ఇద్దరి మొహాల మీదా ఆకులు విసిరికొడుతోంది. సగండిగ్రీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాడు. ఆకు ఒకటి వచ్చి తలుపావిడ ముక్కుకి అతుక్కుంది. అప్పుడు ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఏంటయ్యా అలా చూస్తావ్? నేను చంపలేదు! చంపింది ఆ పియానో ఆయనని ఇప్పుడేగా చెప్పావ్! పోతే పో, లేకపోతే లోపలికి రా. చెత్తంతా ఇంట్లోకి వస్తోంది, ఊడ్చుకునేది నేను!"

ముందు నవ్వింది పియానో మాస్టారు, పడ్డచోటే. తర్వాత హాలంతా గొల్లుమంది. డైరెక్టరు 'కట్' చెప్పడం మర్చిపోయి, కుర్చీలోంచి జారి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఎంత వెతికినా ఇంతకంటే మంచి ముగింపు దొరకదని ఆయనకీ తెలుసు. కళ్ళు తుడుచుకుంటూ, "సగండిగ్రీ, నువ్వు బతికిపోయావ్ రా. డబ్బింగుకీ, టైటిల్సుకీ కూడా నువ్వే ఉండు" అన్నాడు.

తలుపావిడ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అయ్యో, అంత పెద్దాయన్ని ఏకవచనంలో అనేశానే" అని వణికిపోతోంది.

కోటు విప్పుతున్న పెద్దాయన దగ్గరికొచ్చాడు సగండిగ్రీ.

"నేనేమీ అడగలేదు. గమనించావా?" అన్నాడాయన, దొంగచూపు చూస్తూ.

"గమనించా. కానీ ఆవిణ్ణి వదలొచ్చుగా సార్. అందర్నీ వాయించారు, ఒక్కావిణ్ణి వదిలితే ఏం పోయింది?"

"వదిలితే తదితరుల్లో ఆవిడొక్కతే మిగిలిపోతుందయ్యా."

సగండిగ్రీకి అప్పుడు వెలిగింది. కొవ్వొత్తాయన, బండివాడు, వంటమనిషి, పేటిక మోసినవాళ్ళు, చివరికి శవం. అందరూ నోరు విప్పారు. ఆ పద్ధతి ఆయనకి చెప్పింది తనే.

"అలా నోరు తెరుచుకుని నిలబడితే నిన్ను కూడా అనుమానిస్తా" అన్నాడు పెద్దాయన, గొడుగు అతని చేతిలో పెడుతూ. "టైటిల్సు పని నీదేనటగా. ఒక్క సాయం చేసిపెట్టు నాయనా. చివర్లో ఆ పేర్లు రైలుబండిలా పరిగెత్తించకు. మెల్లగా పోనియ్యి. మన తలుపావిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. పక్కన మనవడు కూడా ఉంటాడు."