యూనిఫాం తొడుక్కున్న సోఫా

ఈ సంగతి నేను రాసి పెట్టకపోతే చరోదాలో చెప్పుకునేదే నిజమై కూర్చుంటుంది. చరోదా రైల్వే కాలనీలో మా తోడికోడలు ఉంటుంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆమె చెబితే ఈ కథ చాలా పొట్టిది: మా అక్క సోఫాకి ప్లాంటు గుడ్డ కుట్టింది, చూసినవాళ్ళందరూ నవ్వారు, నేను వెళ్ళి సరిచేసి వచ్చాను. ఇందులో అబద్ధమేమీ లేదు. నా బాధ అదే. మా సెక్టారు లైబ్రరీలో ఇనుము కరిగించడం గురించి పుస్తకాలున్నాయి, రాజుల సింహాసనాల గురించీ ఉన్నాయి. మామూలు క్వార్టర్లో పాత సోఫాకి కవర్లు వేసినప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పే పుస్తకం మాత్రం లేదు. నేను వెతికాను. లేదు కాబట్టి రాస్తున్నాను.

నేను పెరిగింది ఈ ఉక్కు ప్లాంటు ఊళ్ళోనే, క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీలో. చదివింది హిందీ బడిలో, అదీ కొద్దిగానే. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం గాని ఒక్క అక్షరం రాదు. పెళ్ళయి ఈ క్వార్టరుకి వచ్చాక, మధ్యాహ్నాలు ఖాళీగా ఉండలేక లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ ఒక మూల తెలుగు బీరువా ఉంది. పిల్లల బొమ్మల పుస్తకాలతో ప్రారంభించి నా అంతట నేనే అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. కొన్ని రెండోసారి కూడా అయిపోయాయి. ఇంజనీర్ల భార్యలు, పెద్ద చదువులు చదివినవాళ్ళు, ఆ బీరువా తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా ఎరగరు.

చదివినదంతా ఎవరికి చెప్పాలి? మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి అన్నం తిని పడుకుంటారు. పిల్లలు హిందీలోనే ఆలోచిస్తారు. నాకు దొరికిన ఒకే ఒక్క శ్రోత మా అత్త. విజయనగరం వైపు నుంచి మావగారితో ఇక్కడికి వచ్చిన మనిషి, చదువు రాదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఇద్దరం సోఫా మీద కూర్చునేవాళ్ళం. నేను పైకి చదివేదాన్ని. మధ్యలో ఆపి కష్టమైన మాటలకు అర్థం చెప్పేదాన్ని, ఆ ఊరు ఎక్కడుందో, ఆ రోజుల్లో నాణేలెలా ఉండేవో చెప్పేదాన్ని. అత్త ఊ కొట్టేది. ఒకే నది మీద ఒకే పడవను పంచుకున్న ఇద్దరు అన్నదమ్ముల నవల ఆ రోజుల్లో మొదలుపెట్టాం.

ఆ సోఫా మా కంటే పెద్ద ఇంట్లోంచి వచ్చింది. రిటైరై విశాఖ వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు కుటుంబం వదిలించుకుంటుంటే కొన్నాం. ఈ టౌన్‌షిప్‌లో సామాను అలాగే ఇల్లు మారుతుంది, వెళ్ళేవాళ్ళ నుంచి ఉండేవాళ్ళకి. చెక్క ఇప్పటికీ గట్టిదే. పైన ముదురు ఎరుపు రెక్సిన్ మాత్రం పగుళ్ళు విచ్చింది. చిరుగుల మీద నేను తువ్వాళ్ళు పరిచేదాన్ని, ఎవరు లేచినా తువ్వాలు వాళ్ళతోపాటు లేచేది.

అత్త కొన్నాళ్ళు మా దగ్గర, కొన్నాళ్ళు చరోదాలో మరిది దగ్గర ఉండేది. ఆ ఏడు వానలు తగ్గాక చరోదా నుంచి వచ్చింది. మెట్లెక్కి, ఆయాసం తీరి, నీళ్ళు తాగి, మొదట అన్న మాట ఇది.

"ఏటే, నువ్వు సూసినావా? ఆ పిల్ల సోఫాకి తొడుగులు కుట్టింది. తెల్లటి గుడ్డ మీద పచ్చటి ఆకులు. కూకుంటే లెగబుద్ధి కాదు."

"మన సోఫా మీంచీ లేవబుద్ధి కాదు కదత్తా."

"మనదాని మీంచి లెగలేం. ఒంటికి అంటుకుపోద్ది."

తువ్వాలు సర్దుకుని కూర్చుని మళ్ళీ అంది. "ఇటూ అటూ తిరగడం ఇంక నావల్ల కాదు. దీపావళి ఎల్లాక ఒక్కకాడే ఉంతాను."

"ఎక్కడ?"

"సూద్దాం."

ఆ మాటలో నాకు తెల్లటి గుడ్డ, పచ్చటి ఆకులు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అత్త వెళ్ళిపోతే నా మధ్యాహ్నాలు ఏమవుతాయో అప్పుడే కళ్ళకు కట్టింది. ఆ పడవ అన్నదమ్ములు సగం నదిలో ఆగిపోతారు. మా తోడికోడలు పుస్తకం పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆమెకి శ్రోత ఎందుకు?

ఏదో వంక పెట్టుకుని పవర్ హౌస్ సెంటర్లో ఆటో ఎక్కి చరోదా వెళ్ళాను. అత్త చెప్పింది తక్కువే. కవర్లు సోఫాకి చర్మంలా అతుక్కుని ఉన్నాయి. అంచుల వెంట సన్నటి పచ్చ పైపింగ్ పట్టీ, వెనక జిప్పు. సీటుకీ వీపుకీ మధ్య సందులో గుడ్డను లోపలికి తోసి, అది పైకి రాకుండా పాత పేపర్లు చుట్టలా చుట్టి దోపింది. మాట్లాడుతున్నట్టే ఉండి కుట్ల వెంట వేలు పోనిచ్చాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. సోఫా చేతిపక్క ముందు మూలలో గుడ్డ ముడతలు పడి ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది.

"నీకూ కుట్టిపెడతానక్కా. నువ్వు గుడ్డ తీసి పెట్టు, ఒక ఆదివారం వచ్చి కొలతలు తీసుకుంటాను," అంది మా తోడికోడలు.

"వద్దులే. నా దగ్గర పుస్తకం ఉంది."

"పుస్తకం కుడతాదా అక్కా?"

ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. ఎగతాళి అయితే తిరిగి ఏదో అనేదాన్ని. ఇంటికి వచ్చేదాకా ఆ మూలలోని ముడతలను తలుచుకుంటూ కూర్చున్నాను.

పుస్తకం ఉందన్న మాట అప్పటికి అబద్ధం, మర్నాడు నిజం. లైబ్రరీ హిందీ బీరువాల్లో గృహవిజ్ఞానం పుస్తకం ఒకటి దొరికింది. అందులో సోఫా కవర్లకి ఏకంగా ఒక అధ్యాయం ఉంది. గుడ్డను కుట్టకముందే ఉతికి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. ముందు పాత దుప్పటితో నమూనా కత్తిరించుకోవాలి. సందులోకి దోపడానికి జానెడు గుడ్డ అదనంగా వదలాలి. మూలలో గుడ్డను మడతపెట్టే ముందు లోపలి వైపు కొంచెం కత్తిరించాలి, అప్పుడే తిన్నగా తిరుగుతుంది. బొమ్మలన్నీ కాగితం మీద గీసుకున్నాను. ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

గుడ్డ కొనలేదు. మా ఇంట్లో ట్రంకు పెట్టె నిండా ఉంది. ప్లాంటు వాళ్ళు ఇచ్చే యూనిఫాం గుడ్డ మా ఆయన ఎప్పుడూ పూర్తిగా కుట్టించుకోరు. పాత జత చిరిగేదాకా తొడుగుతారు, కొత్త గుడ్డ పెట్టెలోకి పోతుంది. ఈ కాలనీలో ఏ ఇంట్లో పెట్టె తెరిచినా అదే గుడ్డ ఉంటుంది. చొక్కాకి లేత నీలం, ప్యాంటుకి ముదురు నీలం, మావగారు ప్లాంటులో చేసిన రోజుల నుంచీ ఆ రంగులే. రెండూ గట్టివి, మాసినా తెలియవు. తెల్లటి గుడ్డ మీద ఈ ఊరి ఎర్రదుమ్ము ఎన్నాళ్ళు ఆగుతుందిలే అనుకున్నాను. సీట్లకీ కింది భాగానికీ ముదురు నీలం, వీపుకీ చేతులకీ లేత నీలం. పుస్తకంలోనే ఉంది, బరువు పడేచోట ముదురు రంగు వాడమని.

కుట్టడం పూర్తయిన రోజు కవర్లు తొడిగి, సందుల్లో గుడ్డ దోపి, దూరంగా నిలబడి చూశాను. ఎక్కడా బిగుతు లేదు, వదులు లేదు. మూలల్లో ఒక్క ముడత లేదు. చరోదాకి ఫోటో పంపాలని ఫోన్ తీశాను గాని, వచ్చి కళ్ళతోనే చూడనీ అని మళ్ళీ పెట్టేశాను.

మా ఆయన మొదటి షిఫ్టు నుంచి వచ్చారు. టిఫిన్ డబ్బా చేతిలోనే ఉంది.

"ఇదేటిది?"

"సోఫా కవర్లు."

"కవర్లని తెలుస్తంది. ఇది నా గుడ్డ."

"మీ గుడ్డే. మీరు కుట్టించుకోరు కదా."

సోఫా చుట్టూ తిరిగి వచ్చారు. "కింద ప్యాంటేసినావు, మీద చొక్కా తొడిగినావు. బూట్లు మరిసిపోనావు," అన్నారు.

అప్పుడు కనిపించింది నాకు. రెండు చేతులూ చాచి, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, డ్యూటీ బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా ఉంది సోఫా.

ఆయన చాప తెచ్చుకుని నేల మీద కూర్చున్నారు. "ఈ రంగుల మధ్యే కదే పొద్దున్నించీ ఉన్నాను. ఇంటికొచ్చి మళ్ళీ అందులో కూకోమంటావేటి," అన్నారు, కోపం లేకుండానే.

ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ గిన్నె అడగడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "అరే దీదీ, సోఫా కీ భీ నౌకరీ లగ్ గయీ?" అంది. సోఫాకి ఉద్యోగం వచ్చిందన్న కబురు ఆ సాయంత్రానికల్లా బ్లాకు మొత్తం పాకింది. మా ఆయన స్నేహితులు టీకి వచ్చి, "వదినా, మీ సోఫా ఏ షిఫ్టు?" అని అడిగారు. ఇంకొకాయన దానికి గేట్ పాస్ కావాలన్నాడు. టీ పోసి నవ్వాను. మనసులో మాత్రం చరోదా సోఫా మెదులుతోంది. ఆ సోఫాని ఎవరూ ఏ షిఫ్టని అడగరు.

ఇవన్నీ తట్టుకునేదాన్నే. అత్తని తట్టుకోలేకపోయాను. ఆమె స్నానం చేసి వచ్చి, సోఫా చేతి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

"నానిక్కడ కూకోను."

"ఏం అత్తా? మెత్తగా లేదా?"

"మెత్తగానే ఉంది. మీ మావ ఒళ్ళో కూకున్నట్టుంతాది. పది మంది ముందు సిగ్గు కాదేటి?"

ఆమె నవ్వుతూ అందో, నిజంగా అందో తేల్చుకోలేకపోయాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆమె చాప మీద, నేను సోఫా మీద. సోఫాకి వీపు ఆనించి కూర్చునేది. నాకు జుట్టు ముడి తప్ప మొహం కనిపించేది కాదు. ఎక్కడ కళ్ళు పెద్దవి చేసిందో, ఎక్కడ కునుకు తీసిందో తెలియకుండా చదవవలసి వచ్చింది.

దీపావళికి మరిది, తోడికోడలు వచ్చారు. నేను ఆమె నవ్వు కోసం సిద్ధంగా ఉన్నాను, జవాబు కూడా తయారు చేసుకున్నాను. ఆమె నవ్వలేదు. సోఫా ముందు గొంతుక్కూర్చుని చేతిపక్క మూలను పట్టుకుని చూసింది.

"ఈ మూల ఎలా తిప్పినావక్కా? నాది ముడతలొచ్చేసినాయి. నాలుగుసార్లు విప్పి కుట్టినా రాలేదు."

చెప్పాను. కాగితం తెచ్చి బొమ్మ చూపించాను, పుస్తకంలో ఉన్నదీ లేనిదీ అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ నాకు ఎంతో బాగుంది. ఆపిన తర్వాత మాత్రం మళ్ళీ కడుపు మండింది. ఆమె ఇంట్లో, ఆమె సోఫా ముందు, ఇది ఎలా కుట్టావని నేను అడగలేకపోయాను. అడగడం కూడా ఆమెకే వచ్చు.

తర్వాత సంచిలోంచి మిగిలిన ఆకుల గుడ్డ తీసింది. అత్త ఫోన్లో అంతా చెప్పేసిందన్నమాట. నా మిషను మీదే కూర్చుని సీట్లకీ వీపుకీ పైతొడుగులు కుట్టేసింది. నేను జిప్పు కుట్టాను. చేతులూ కింది భాగమూ నీలంగానే మిగిలాయి. అత్త వచ్చి చూసి, చక్కగా ఎక్కి కూర్చుంది. "ఇప్పుడు మీ మావ దుప్పటి కప్పుకున్నట్టున్నాడు, పరవాలేదు," అంది. అందరూ నవ్వారు, మా ఆయన అందరికంటే గట్టిగా.

భోజనాల దగ్గర మరిది అడిగాడు. "అమ్మా, ఏటనుకున్నావు మరి?"

"చరోదాయే వచ్చేత్తాను."

"సోఫా ఇంకా నచ్చలేదా అత్తా?" అన్నాను.

"సోఫాకేటొచ్చిందే. మీది పైఅంతస్తు. ఈ మెట్లు నానెక్కలేను. ఆళ్ళది కిందిల్లు." అప్పుడు నా మొహం చూసి, "మోకాళ్ళకి నీ మీద కోపం లేదే," అంది.

ఆ మెట్ల మీద ప్రతిసారీ ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కించింది నేనే. అన్ని వారాలు గుడ్డ గురించి ఆలోచించాను గాని, మెట్ల గురించి ఒక్క పూట ఆలోచించలేదు.

"మరి నవల?" అన్నాను.

"అదే నాకూ దిగులుగా ఉంది. ఆ చిన్నోడు పడవ అమ్మేత్తాడో ఏటో."

మా తోడికోడలు అరటిఆకు మడుస్తూ అంది. "నువ్వు చదివింది రికార్డు చేసి ఫోన్లో పంపక్కా. నాను పెడతాను, అత్తా నానూ ఇంటాం." ఈ ఉపాయం కూడా నాకు తట్టలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు నేను ఒక్కదాన్నే ఆ సోఫా మీద కూర్చుని, ఫోన్ ముందు పెట్టుకుని చదువుతాను, చరోదాకి పంపుతాను. ఒకరోజు అత్త ఫోన్లో చెప్పింది. "మజ్జలో నువ్వు అర్థాలు సెప్తావు కదా, అయ్యి ఈ పిల్ల దాటించేత్తంది. కత తొందరగా నడుస్తంది." అయినా నేను అర్థాలు మాత్రం మానలేదు, ఇంకా కొంచెం పెంచాను.

రాసినవాళ్ళు చివర సహాయం చేసినవాళ్ళ పేర్లు చెప్పుకోవడం నేను చాలా పుస్తకాల్లో చూశాను. మా ఇళ్ళలో వరుసే పేరు, కాబట్టి వరుసలతోనే చెబుతాను. గడువు దాటినా ఆ హిందీ పుస్తకం వెనక్కి అడగని లైబ్రరీ సార్‌కి. గుడ్డ పోయినా హాస్యం మిగుల్చుకున్న మా ఆయనకి. సోఫాకి నౌకరీ ఇప్పించిన ఎదురింటి దీదీకి. నా గొంతు వినడం మానని మా అత్తకి. మా తోడికోడలికి చెప్పడం కష్టంగా ఉంది గాని, ఆమెకి కూడా. నిన్న పంపిన భాగంలో ఒకచోట అత్త పడిపడి నవ్విందట. ఎక్కడ నవ్విందో అడిగితే, గుర్తు లేదక్కా అంటోంది.