చెంపదెబ్బకు వన్స్‌మోర్

నాటకమంటే కళాసేవ అని ఎవరైనా సభల్లో చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. నేను చూసిన నాటకాల్లో సగం కొట్లాటలతోనే ముగిశాయి. కుర్చీల కోసం కొట్టుకున్నారు, పద్యం మధ్యలో ఈలేశాడని కొట్టుకున్నారు. దర్శి దగ్గర ఒక ఊళ్ళో మైకు ఏ వీధి వైపు తిప్పాలన్న మాట మీద కర్రలు లేస్తే, రాజు వేషగాడు కిరీటంతో సహా కందిచేలో పడి పరిగెత్తాడు. అవన్నీ తర్వాత చెప్పుకుని నవ్వుకున్నాం. నవ్వుకోలేనిది ఒక్కటే ఉంది.

మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, నాటకాల్లో ఆడవేషాలు వేసేది. తొంభైల చివర్లో మా గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో మగవేషాలు ఊళ్ళోవాళ్ళే కట్టేవాళ్ళు. తమ ఇళ్ళ ఆడవాళ్ళను మాత్రం స్టేజీ ఎక్కనివ్వరు కదా, అందుకని ఆడవేషానికి టౌను నుంచి పిన్నిలాంటి వాళ్ళను పిలిపించుకునేవాళ్ళు. పిన్నికి ఉన్న ఆస్తి అంతా పాటే. అది గొంతులో లేదు, చెవిలో ఉంది అనేది. "శ్రుతి పట్టేది చెవేనే. చెవి పోయిననాడు నేనూ నీలాగా జాకెట్లు కుట్టుకోవాల్సిందే" అని నన్ను ఏడిపించేది. నేనప్పటికి డిగ్రీ తప్పి ఇంట్లో మిషను తొక్కుతున్నాను. ఒంటరిగా ఊళ్ళు తిరిగితే నలుగురూ నాలుగు మాటలంటారని పిన్ని నన్ను తోడు తీసుకెళ్ళేది.

ఆ ఏడు పత్తిని పచ్చపురుగు తినేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. ప్రత్తిపాడు అవతల మేం నాటకానికి వెళ్ళిన ఊళ్ళో చేలు ఆకు లేకుండా పుల్లలు పుల్లలుగా నిలబడి ఉన్నాయి. అయినా తిరనాళ్ళలో నాటకం మానితే ఊరికి అరిష్టమట. హీరో వేషం ఆ ఊరి పురుగుమందుల కొట్టాయనది. ఆ పురుగు చావని మందు అమ్మింది ఆయనే. పగలు కొట్టు ముందు నిలబడి ఆయన్ను ఒక్క మాట అనే ధైర్యం ఎవరికీ లేదు.

సాంఘిక నాటకమే అయినా పద్యాలుండేవి. చెప్పుడు మాటలు విని మొగుడు పెళ్ళాన్ని చెంపమీద కొట్టి గెంటేస్తాడు, చివర్లో ఆమె పద్యం పాడుతూ ప్రాణం విడుస్తుంది. స్టేజీ దెబ్బకు ఒక పద్ధతుంది. మగవేషం చెయ్యి చెంపను తాకకుండా జారిపోవాలి. అదే క్షణాన తబలా మీద ఠప్పున పడాలి. పిన్ని మొహం తిప్పుకుని పడాలి. రిహార్సల్లో పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని మరీ నేర్పింది. ఆయనకు నచ్చలేదు. "ఈ ఉత్తుత్తి దెబ్బలేందమ్మా, జనం నవ్వుతారు" అన్నాడు.

"నవ్వితే నన్ను చూసి నవ్వుతార్లే అన్నయ్యగారూ. మీరు చెయ్యి మాత్రం ఆ వేలెడు దూరం తప్పించండి" అంది పిన్ని.

ఆ వేళ దీపాలు పెట్టగానే నాటకం మొదలైంది. పిన్ని పద్యాలకు వన్స్‌మోర్లు బాగానే పడ్డాయి. వన్స్‌మోర్ అన్నాక మళ్ళీ పాడాల్సిందే, కాదంటే ఊరిని అవమానించినట్టు లెక్క. దెబ్బ సీను వచ్చింది. ఆయన చెయ్యి విసిరాడు, తప్పించాడు, పిన్ని పడింది. తబలా ఒక్క అర క్షణం ఆలస్యంగా మోగింది.

ముందు వరసలోంచి ఎవడో లేచాడు. "నీ మందుకి పురుగే చావలా, నీ దెబ్బకి ఆడదేం పడిద్దయ్యా? వన్స్‌మోర్!"

పందిరంతా ఘొల్లుమంది. ఎన్నాళ్ళ నుంచి కడుపులో పెట్టుకున్న నవ్వో అది. అందరూ అందుకున్నారు, వన్స్‌మోర్ వన్స్‌మోర్ అని. రంగు పూసుకున్నా ఆయన మొహం నల్లబడటం నాకు సైడు తెర పక్క నుంచి కనబడింది. పిన్ని లేచి, చీర సర్దుకుని, పద్ధతి ప్రకారం ఎదురుగా నిలబడింది. ఈసారి ఆయన చెయ్యి జారలేదు. తబలా అవసరం లేకుండానే ఆ చప్పుడు మైకులో మోగింది. పిన్ని గిర్రున తిరిగి మోకాళ్ళ మీద పడింది.

జనం చప్పట్లు కొట్టారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. పురుగు మీద కోపం ఆయన మీద, ఆయన కోపం మా పిన్ని మీద. మళ్ళీ అరిచారు వన్స్‌మోర్ అని, ఈసారి వెక్కిరింపు కాదు, నిజంగానే. ఆడవాళ్ళ వైపు నుంచి కూడా వినిపించింది. నేనది మర్చిపోలేదు. పిన్ని తల విదిలించుకుంటూ, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఆ చెయ్యి పక్కకు లాగేసి అదే చెంపమీద ఇంకోటి కొట్టాడు. చెవిలోంచి సన్నగా రక్తం దిగింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టేజీ మీద మంచం పక్కన ఇత్తడి చెంబుంది. దాంతో ఆయన నుదుటి మీద కొట్టాను. రెండోసారీ కొట్టాను. ఎముక మీద పడిన చప్పుడు నా చేతికి తెలిసింది. జనం కొంతసేపు అది కూడా నాటకమే అనుకుని ఈలలు వేశారు. తర్వాత ఆయన తమ్ముడు పైకెక్కి నా జడ పట్టుకుని ఈడ్చాడు, ఎవరో డొక్కలో తన్నారు. హార్మోనీ వాయించే సాయిబుగారు పెట్టె వదిలేసి నా మీద అడ్డంగా పడకపోతే ఏమయ్యేదో. ఆయన వీపు మీద రెండు పడ్డాయి. చెంబుతో కొట్టినందుకు ఈ రోజుకీ నాకు బాధ లేదు.

పెద్దమనుషులు వచ్చి విడదీశారు. తీర్పు కూడా అక్కడే చెప్పారు. "ఆడపిల్లవై ఉండి ఊళ్ళో మగాణ్ణి కొట్టావు, అది తప్పు. ఆవేశంలో ఆయనా కాస్త గట్టిగా కొట్టాడు, అది కళ. నాటకం పూర్తి చేసి పొండి." కళ అన్నారు, అదే మాట. హీరో నుదుటికి గుడ్డ కట్టారు. పిన్నికి ఎవరూ ఏమీ కట్టలేదు.

చివరి పద్యానికి పిన్ని లేచింది. నేను వద్దంటే వినలేదు. ఎడమ చెవి మీద అరచెయ్యి మూసుకుని మొదలుపెట్టింది. మొదటి పాదంలోనే శ్రుతి తప్పింది. సాయిబుగారు ఆమె ఎక్కడుంటే అక్కడికి హార్మోనీ మెట్లు మార్చి వెళ్ళాడు. ఆమె అక్కడి నుంచీ జారింది. పుట్టి బుద్ధెరిగాక పిన్ని అపస్వరం పాడగా వినడం అదే మొదలు. ఎడమ వైపు కూర్చున్న కుర్రాళ్ళు గేలి చేస్తూ కూతలు పెట్టారు. పిన్ని అటు చూడనైనా లేదు. పద్యం అయ్యాక లోపలికి వచ్చి, "బాగానే వచ్చిందా అన్నయ్యా?" అని సాయిబుగారిని అడిగింది.

ఆయన భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు పిన్నికి అర్థమైంది.

మర్నాడు గుంటూరులో చెవి డాక్టరు లైటు పెట్టి చూశాడు. పొర చిరిగిందని, లోపల నరం కూడా దెబ్బతిందని, ఆ చెవి ఇక పనిచెయ్యదని చెప్పాడు. పిన్ని నెమ్మదిగా అడిగింది. "పాడటానికి ఒక చెవి సరిపోద్దా డాక్టరుగారూ?"

"ఆ సంగతి నాకు తెలియదమ్మా" అన్నాడాయన.

రిక్షాలో నేను ఏడుస్తూనే ఉన్నాను. పిన్ని అంది, "హార్మోనీ కుడివైపు పెట్టించుకుంటా. కొన్నాళ్ళు సాధన చేస్తే అలవాటవుద్ది."

"సిగ్గులేదా నీకు? మళ్ళీ ఎక్కుతావా స్టేజీ? ఇంకో ఊళ్ళో ఇంకొకడు ఇట్టాగే కొడతాడు" అన్నాను, కోపం పట్టలేక.

పిన్ని చెవిలో దూది సర్దుకుంది. "కొట్టనీవే. మగాళ్ళంతా కుడిచేత్తోనేగా కొట్టేది. పడేది ఈ ఎడమ చెంప మీదే. ఇంక ఇటు పోయేదేముంది?"